టోక్యో లేదన్న కాగితాలు వాషింగ్టన్‌లో దొరికాయి

2009 డిసెంబరులో ఒక పాత కాగితం జపాన్‌లో పెద్ద వార్త అయింది. ఇంగ్లిష్‌లో టైపు చేసిన ఆ కాగితం కింద రెండు సంతకాలున్నాయి. ఒకటి అమెరికా అధ్యక్షుడు రిచర్డ్ నిక్సన్‌ది, రెండోది జపాన్ ప్రధాని ఐసాకు సాతోది. కాగితం 1969 నవంబరు నాటిది. పెద్ద ఆపద ముంచుకొస్తే, జపాన్‌కు తిరిగివ్వబోతున్న ఒకినావా దీవిలోకి అమెరికా మళ్లీ అణ్వాయుధాలు తెచ్చుకోవచ్చని, అడిగితే జపాన్ ఆలస్యం చెయ్యకుండా ఒప్పుకుంటుందని దాని సారాంశం. ఇదే సాతో అంతకు రెండేళ్ల ముందు పార్లమెంటులో, అణ్వాయుధాలు మా దగ్గర ఉంచుకోం, తయారు చెయ్యం, దేశంలోకి రానివ్వం అని మూడు సూత్రాలు ప్రకటించారు. 1974లో ఆయనకు నోబెల్ శాంతి బహుమతి కూడా వచ్చింది.

కాగితం దొరికింది విదేశాంగ శాఖ రికార్డుల్లో కాదు. సాతో ఇంట్లో, ఆయన వాడిన బల్ల సొరుగులో. ఆయన 1975లోనే పోయారు. కొడుకు బయటపెట్టేదాకా అలాంటి కాగితమే లేదన్నది జపాన్ ప్రభుత్వాల మాట. ఇదొక్కటే కాదు, అమెరికాతో ఏ రహస్య ఒప్పందమూ లేదని ఒకరి తర్వాత ఒకరు ప్రధానులు దశాబ్దాల పాటు పార్లమెంటులో నిలబడి చెప్పారు. విచిత్రం ఏమిటంటే, వాళ్లు లేదంటున్న రోజుల్లోనే సముద్రం అవతల అమెరికా తన పాత ఫైళ్లు ఒక్కొక్కటీ తెరుస్తూ పోయింది. అందులో ఉన్నాయి.

ఇద్దరి మధ్య రహస్యం ఉంటే దాని కాపీ రెండు బీరువాల్లో ఉంటుంది. ఒక బీరువా తాళం మీ చేతిలో ఉండదు. జపాన్ కథలో తిరకాసంతా అక్కడే ఉంది. ఇంకో సంగతి కూడా ఉంది. ఈ రహస్యాన్ని సోవియట్ యూనియన్ దగ్గర దాచాల్సిన పనేమీ లేదు. అమెరికా యుద్ధనౌకల్లో అణుబాంబులు ఉంటాయని మాస్కో ఎలాగూ అనుకునే ఉంటుంది. దాచింది జపాన్ ఓటరు దగ్గర.

అసలు ముడి ఎక్కడ పడింది

1951 సెప్టెంబరు 8న శాన్‌ఫ్రాన్సిస్కోలో జపాన్ ఒకే రోజు రెండు ఒప్పందాల మీద సంతకం పెట్టింది. మొదటిది శాంతి ఒప్పందం, దాంతో యుద్ధంలో ఓడాక మొదలైన ఆక్రమణ ముగిసి స్వాతంత్ర్యం తిరిగొచ్చింది. రెండోది అమెరికాతో భద్రతా ఒప్పందం, దాంతో అమెరికా సైన్యం అక్కడే ఉండిపోయింది. ఒకినావా మాత్రం అమెరికా పాలన కిందే మిగిలింది. భారత్ ఆ సభకు వెళ్లలేదు. ర్యుక్యు దీవులు (ఒకినావా వీటిలోదే), బోనిన్ దీవులు జపాన్‌కు తిరిగివ్వాలని, విదేశీ సైన్యం ఉండాలా వద్దా అన్నది జపాన్ పూర్తి స్వతంత్ర దేశమయ్యాక తానే తేల్చుకోవాలని నెహ్రూ ప్రభుత్వం వాదించింది. 1952 జూన్‌లో జపాన్‌తో విడిగా శాంతి ఒప్పందం చేసుకుంది. తర్వాతి ఇరవై ఏళ్లలో జపాన్ రాజకీయాన్ని సతమతం చేసినవి ఈ రెండు విషయాలే.

జపాన్‌లో అణ్వాయుధ వ్యతిరేకత అనగానే హిరోషిమా, నాగసాకి గుర్తొస్తాయి. అయితే ఆ కోపం దేశవ్యాప్త ఉద్యమంగా మారింది 1954లో. ఆ ఏడాది మార్చి 1న బికినీ దీవుల్లో అమెరికా హైడ్రోజన్ బాంబును పరీక్షించింది. యైజు రేవు నుంచి ట్యూనా వేటకు వెళ్లిన ఒక పడవ మీద తెల్లటి బూడిద రాలింది. పడవలోని 23 మందీ జబ్బు పడ్డారు. రేడియో ఆపరేటర్ ఆ సెప్టెంబరులో చనిపోయాడు. చేపల మార్కెట్లో ట్యూనా కొనేవాళ్లు లేకుండా పోయారు. బాంబులకు వ్యతిరేకంగా మొదలైన సంతకాల సేకరణ మూడు కోట్లు దాటింది. ఇక ఏ పార్టీ అధికారంలో ఉన్నా, మా రేవుల్లోకి అణుబాంబు వస్తే రానివ్వండి అని బహిరంగంగా అనే ధైర్యం చెయ్యలేని పరిస్థితి.

అమెరికా నౌకాదళానికి ఇంకో పట్టుదల. ఏ ఓడలో అణ్వాయుధం ఉందో లేదో ఎవరికీ చెప్పదు. ఉందనదు, లేదనదు. మిత్రదేశం అడిగినా అదే జవాబు. జపాన్‌లోని యొకొసుకా, ససెబో రేవులు ఆ నౌకాదళానికి ఆయువుపట్లు. ఓడ జపాన్ వచ్చే ప్రతిసారీ బాంబులు ఎక్కడో దింపి రావడమంటే అయ్యే పని కాదు. జపాన్‌కేమో ఆ నౌకాదళం కాపలా కావాలి, బాంబు మాత్రం వద్దు.

1960: అడగకపోతే రానట్టే

పాత భద్రతా ఒప్పందం ఏకపక్షంగా ఉందని ప్రధాని నొబుసుకె కిషి దాన్ని మార్పించారు. (కిషి, సాతో సొంత అన్నదమ్ములు. దత్తత వల్ల ఇంటిపేర్లు వేరయ్యాయి.) 1960 జనవరి 19న వాషింగ్టన్‌లో కొత్త ఒప్పందం మీద సంతకాలయ్యాయి. జపాన్ జనానికి చూపించిన పెద్ద లాభం 'ముందస్తు సంప్రదింపు'. జపాన్‌లో తన బలగాల మోహరింపునో, వాటి ఆయుధాలనో అమెరికా పెద్ద ఎత్తున మార్చాలన్నా, ఇక్కడి స్థావరాల నుంచి యుద్ధానికి బయలుదేరాలన్నా ముందు జపాన్‌ను అడగాలి. అణ్వాయుధాలు దీని కిందికే వస్తాయి. అమెరికా అడిగితే మేం కాదంటాం, కాబట్టి నిశ్చింతగా ఉండండి అన్నది ప్రభుత్వం ఇచ్చిన హామీ.

దానికి 13 రోజుల ముందు, జనవరి 6న, జపాన్ విదేశాంగ మంత్రి ఐచిరో ఫుజియామా, అమెరికా రాయబారి డగ్లస్ మెకార్థర్ (ప్రసిద్ధ జనరల్‌ గారి అన్న కొడుకు) ఒక 'చర్చల నమోదు' మీద పొడి సంతకాలు పెట్టారు. దాన్ని బయటపెట్టలేదు. ముందస్తు సంప్రదింపు నిబంధన వల్ల, అమెరికా విమానాలు, ఓడలు జపాన్‌లోకి వచ్చే విషయంలో ఇప్పుడున్న పద్ధతి మారదని అందులో ఒక వాక్యం ఉంది. చూడటానికి గుమాస్తా రాసిన వాక్యంలా ఉంటుంది. అణ్వాయుధం అన్న మాటే అందులో లేదు. కానీ 'ఇప్పుడున్న పద్ధతి' ఏమిటి? ఓడ వస్తుంది, లోపల ఏముందో ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. ఆ పద్ధతే కొనసాగుతుందంటే, బాంబుతో వచ్చే ఓడ జపాన్‌ను అడగాల్సిన పని లేదన్నమాట. అమెరికా ఆ వాక్యాన్ని అలాగే చదివింది.

జపాన్ ఎలా చదివింది? ప్రభుత్వమే నియమించిన నిపుణుల సంఘం 2010లో ఈ ప్రశ్న మీద చాలా కసరత్తు చేసింది. సంతకం పెట్టిన రోజున ఇద్దరికీ ఒకే అర్థం స్ఫురించిందని చెప్పడానికి ఆధారం లేదని, లోతుకు వెళ్తే ఒప్పందమే చెడుతుందని ఇద్దరూ అక్కడితో ఆగిపోయారని ఆ సంఘం అంచనా. నాకు ఇది నమ్మదగ్గ మాటగానే కనిపిస్తుంది. అనుభవజ్ఞులైన దౌత్యవేత్తలకు ఎక్కడ ప్రశ్న వెయ్యకూడదో బాగా తెలుసు.

ఆ ఏడాది ఒప్పందానికి వ్యతిరేకంగా టోక్యో వీధులు అట్టుడికిపోయాయి. జూన్ 15న పార్లమెంటు దగ్గర జరిగిన ఘర్షణలో ఒక విద్యార్థిని చనిపోయింది. అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ పర్యటన రద్దయింది. ఒప్పందం అమల్లోకి వచ్చింది, కిషి పదవి పోయింది. ఇంత గొడవలో ఆ 'చర్చల నమోదు' బయటపడి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోవచ్చు.

పార్లమెంటులో దీని తర్వాత ముప్పై ఏళ్లు నడిచిన వాదన ఒక్కసారి వినాలి. ప్రతిపక్షం అడుగుతుంది: అమెరికా ఓడల్లో అణ్వాయుధాలు వస్తున్నాయా? ప్రభుత్వం జవాబు: తేవాలంటే అమెరికా మమ్మల్ని ముందు అడగాలి. ఇంతవరకూ ఒక్కసారి కూడా అడగలేదు. కాబట్టి రాలేదు. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు అంటామే, అచ్చం అదే. అడగాల్సిన అవసరం లేదని అమెరికా అనుకుంటోందని మంత్రులకు తెలిసే, అడగలేదు కాబట్టి రాలేదని బల్ల గుద్ది చెప్పారు.

మంత్రులకు తెలుసని ఎలా చెప్పగలం? ఇక్కడే పాత టెలిగ్రాములు పనికొచ్చాయి. 1963 మార్చిలో ప్రధాని హయాతో ఇకెదా, అణ్వాయుధాలున్న ఓడలను రానివ్వబోమని పార్లమెంటులో అనేశారు. వాషింగ్టన్‌లో గుబులు పుట్టింది. ఏప్రిల్ 4న అమెరికా రాయబారి ఎడ్విన్ రైషావర్ విదేశాంగ మంత్రి మసయోషి ఒహిరాను తన నివాసానికి అల్పాహారానికి పిలిచారు. రైషావర్ టోక్యోలోనే పుట్టి పెరిగినవాడు, జపాన్ చరిత్ర బోధించిన హార్వర్డ్ ప్రొఫెసర్. అణ్వాయుధాలను 'ప్రవేశపెట్టడం' అంటే మా లెక్కలో నేల మీద దించి నిల్వ పెట్టడమే, ఓడలో ఉంచుకుని రేవుకు వచ్చి పోవడం అందులోకి రాదు అని ఆయన విడమరిచి చెప్పారు. ఒహిరా గొడవ పెట్టుకోలేదు. ఇదంతా రైషావర్ ఆ రోజే వాషింగ్టన్‌కు పంపిన టెలిగ్రాములో ఉంది. 1981లో, పదవి వదిలేసి చాలా ఏళ్లయ్యాక, అమెరికా ఓడలు అణ్వాయుధాలతోనే జపాన్ రేవులకు వచ్చేవని రైషావరే మైనిచి పత్రికకు చెప్పారు. దేశమంతా గగ్గోలు పుట్టింది. ప్రభుత్వం మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు, అలాంటి అవగాహన ఏదీ లేదంది.

ఇంకో ఆధారం జపాన్ ఫైళ్లలోనే దొరికింది. 1968 జనవరిలో అణుశక్తితో నడిచే విమానవాహక నౌక ఎంటర్‌ప్రైజ్ ససెబో రేవుకు వచ్చింది. దాదాపు నాలుగేళ్ల తర్వాత, బంగ్లాదేశ్ యుద్ధంలో నిక్సన్ మన మీదికి బంగాళాఖాతంలోకి పంపిన ఓడ ఇదే. ససెబోలో పెద్ద ఎత్తున నిరసనలు జరిగాయి. ఆ నెలలోనే అమెరికా రాయబారి తమ వైఖరి మరోసారి చెబితే, విదేశాంగ శాఖలో ఉత్తర అమెరికా వ్యవహారాలు చూసే ఫుమిహికో తోగో దాని మీద ఒక నోటు రాశారు. ఎవరి వైఖరి వాళ్లది, రెండిటినీ కలపబోతే పెద్ద చిక్కు, ఇలాగే నడవనిద్దాం అన్నది ఆ నోటు సారం. ఆ తర్వాత కొత్త ప్రధాని, కొత్త విదేశాంగ మంత్రి వచ్చినప్పుడల్లా అధికారులు ఆ నోటు చూపించి వివరించి, ఎవరికి ఎప్పుడు చెప్పారో దాని మీదే రాసుకుంటూ వచ్చారు. దాచిపెట్టిన సంగతిని ఇంత పద్ధతిగా నమోదు చేసిన ఫైలు మరొకటి ఉంటుందా అనిపిస్తుంది.

ఈ ఏర్పాటు ఎంత ప్రమాదకరమో ఒక సంఘటన చెబుతుంది. 1965 డిసెంబరు 5న వియత్నాం నుంచి యొకొసుకా వస్తున్న టికొండెరోగా అనే విమానవాహక నౌక మీది నుంచి ఒక స్కైహాక్ విమానం సముద్రంలో జారిపడింది. పైలట్, విమానం, దానికి తగిలించిన హైడ్రోజన్ బాంబు అన్నీ మునిగిపోయాయి. ఏదీ తిరిగి దొరకలేదు. 1981లో అమెరికా రక్షణ శాఖ ఈ ప్రమాదం గురించి చెబుతూ, నేలకు 500 మైళ్లకు పైగా దూరంలో జరిగిందంది. నౌక లాగ్‌బుక్కులు బయటికొచ్చాక 1989లో తేలిందేమిటంటే, అక్కడి నుంచి ర్యుక్యు దీవులు 80 మైళ్ల దూరమే.

ఒకినావా కోసం ఇచ్చిన మాట

1960లోనే ఇంకో రహస్యం కూడా కుదిరింది. కొరియాలో మళ్లీ యుద్ధం వస్తే, అమెరికా జపాన్ స్థావరాల నుంచి ముందస్తు సంప్రదింపు లేకుండానే దిగవచ్చని. దీని గురించి ఎక్కువ చెప్పుకోవడానికి లేదు. కాగితం స్పష్టంగా ఉంది, నిపుణుల సంఘం కూడా ఇది కచ్చితంగా రహస్య ఒప్పందమేనని ఒప్పుకుంది. ఒకినావా వ్యవహారం అంత తేలిక కాదు.

1967 నాటికి ఒకినావాలో అమెరికా పెట్టిన అణ్వాయుధాలు సుమారు 1,300. దీవి తిరిగి రానిదే జపాన్‌కు యుద్ధం ముగిసినట్టు కాదని సాతో అన్నారు. ఆ పని చేసి చూపించడమే తన పదవీకాలానికి సార్థకత అనుకున్నారు. జపాన్ ప్రధాన భూభాగంలో లాగే అక్కడా అణ్వాయుధాలు ఉండకూడదు. అమెరికా సైన్యం ఒప్పుకుంటుందా?

ఇక్కడ రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి చూడాలి. మొదటిది 1969 మే 28 నాటి శ్వేతసౌధం నిర్ణయ పత్రం, నంబరు 13. మిగతా షరతులు కుదిరితే చర్చల చివరి దశలో ఒకినావా నుంచి అణ్వాయుధాలు తీసెయ్యడానికి అధ్యక్షుడు సిద్ధమే, అయితే అత్యవసరంలో నిల్వ పెట్టుకునే, మీదుగా తీసుకెళ్లే హక్కులు మాత్రం ఉండాలి అని అందులో ఉంది. రెండోది ఆ నవంబరులో సాతో సంతకం పెట్టిన కాగితం. అత్యవసరంలో మళ్లీ తెచ్చుకునే, మీదుగా తీసుకెళ్లే హక్కులు, అందుకోసం ఒకినావాలోని కదెనా, నహా, హెనొకోలలో ఉన్న నిల్వ స్థలాలను సిద్ధంగా ఉంచడం. అంటే మే నెలలో వాషింగ్టన్ ఏం కావాలనుకుందో నవంబరులో సరిగ్గా అదే చేతికొచ్చింది. బేరంలో అవతలివాడి కనీస ధర ఎంతో సాతోకు తెలిసి ఉంటే ఇంకాస్త గట్టిగా నిలబడేవారా? ఆ కనీస ధరలోనే ఈ హక్కులు ఉన్నాయి కాబట్టి లాభం ఉండేది కాదేమో. అయినా ఇది నోటిమాటగా ఉండాలా, సంతకంగా ఉండాలా అన్న దగ్గర బేరానికి చోటు ఉండేదని నా అనుమానం.

ఈ బేరం విదేశాంగ శాఖ నడపలేదు. క్యోటోలో ప్రొఫెసర్‌గా ఉన్న కెయ్ వకాయిజుమిని సాతో రహస్య దూతగా వాడుకున్నారు. అవతల నిక్సన్ జాతీయ భద్రతా సలహాదారు హెన్రీ కిసింజర్. ఇద్దరూ ఫోన్లో మారుపేర్లతో మాట్లాడుకునేవారు: కిసింజర్ 'జోన్స్', వకాయిజుమి 'యొషిదా'. శిఖరాగ్ర సమావేశంలో ఏ నిమిషాన ఎవరు ఏమనాలో ముందే రాసుకున్నారు. కళాఖండాలు చూపిస్తానంటూ నిక్సన్ సాతోను ఓవల్ ఆఫీసు పక్కనున్న చిన్న గదిలోకి తీసుకెళ్తారు, దుభాషీలు బయటే ఉంటారు, సంతకాలు లోపల అవుతాయి. కాగితం రెండు ప్రతుల్లో ఉండాలి, ఒకటి అధ్యక్షుడి కార్యాలయంలో, ఒకటి ప్రధాని కార్యాలయంలో భద్రపరచాలి అని దాంట్లోనే రాసుకున్నారు. రెండో ప్రతి ఎక్కడికి చేరిందో చెప్పుకున్నాం.

ఈ కథ మొదట చెప్పింది వకాయిజుమే. 1994లో పుస్తకం రాసి అన్నీ బయటపెట్టారు. పత్రం నకలు కూడా అచ్చేశారు. ప్రభుత్వం అలాంటిదేమీ లేదంది. రెండేళ్లకు ఆయన చనిపోయారు. 2007లో ఒక జపాన్ పరిశోధకుడు అమెరికా రికార్డుల్లో కిసింజర్ నిక్సన్‌కు రాసిన నోట్లు పట్టుకున్నారు. అందులో వకాయిజుమి చెప్పిన పథకమే ఉంది. అప్పుడూ అదే జవాబు.

నలభై లక్షల డాలర్ల టెలిగ్రాములు

నాలుగో వ్యవహారం డబ్బుది. మొత్తంలో చిన్నది, మనుషుల బతుకుల మీద పడ్డ దెబ్బ మాత్రం పెద్దది. 1971 జూన్ 17న సంతకమైన ఒప్పందం ప్రకారం, సైన్యం వాడుకున్న పొలాలను బాగు చేయించి ఇవ్వడానికి అయ్యే పరిహారం, 40 లక్షల డాలర్లు, అమెరికా చెల్లించాలి. తమ కాంగ్రెస్ పైసా ఇవ్వదని అమెరికాకు భయం. చివరికి ఆ మొత్తం జపానే గుట్టుగా ఇచ్చేటట్టు, ఒకినావా అప్పగింత కోసం జపాన్ చెల్లించే 32 కోట్ల డాలర్లలో కలిపేసేటట్టు మాట్లాడుకున్నారు.

మైనిచి పత్రిక విలేఖరి తకిచి నిషియామాకు దీని టెలిగ్రాములు దొరికాయి. విదేశాంగ శాఖలో పనిచేసే ఒక కార్యదర్శి ఇచ్చారు. 1972 మార్చిలో ప్రతిపక్ష సభ్యుడొకరు ఆ టెలిగ్రాముల నకళ్లు పార్లమెంటులో చూపించారు. ప్రభుత్వం దర్యాప్తు మొదలుపెట్టి, ఏప్రిల్‌లో విలేఖరినీ, కార్యదర్శినీ అరెస్టు చేసింది. ఆరోపణ పత్రంలో వాళ్లిద్దరి వ్యక్తిగత సంబంధం గురించి ఒక ముక్క రాశారు. అంతే, చర్చ అటు మళ్లింది. ప్రభుత్వం జనానికి అబద్ధం చెప్పిందా అన్న ప్రశ్న పక్కకుపోయి, విలేఖరి నడవడి మీద వారపత్రికలు చిలవలు పలవలు అల్లాయి. కింది కోర్టు నిషియామాను వదిలేసినా పై కోర్టు దోషి అంది, 1978లో సుప్రీంకోర్టు దాన్నే ఖాయం చేసింది.

ఆ విచారణలో అమెరికా వ్యవహారాల విభాగం మాజీ అధిపతి బున్‌రోకు యోషినో సాక్ష్యం చెబుతూ రహస్య ఒప్పందం లేదన్నారు. 2000 సంవత్సరం ప్రాంతాల్లో ఒకినావాలోని ర్యుక్యు విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ మసాకి గాబె అమెరికా జాతీయ రికార్డుల నుంచి తెచ్చిన కాగితాల్లో ఆ చర్చల సంగతంతా ఉంది. ఒక పత్రం మీద 'బి.వై.' అన్న పొడి అక్షరాలున్నాయి. 2006లో యోషినో పత్రికలతో నిజం ఒప్పుకున్నారు. 2009 డిసెంబరు 1న, తొంభై ఒక్కేళ్ల వయసులో, టోక్యో కోర్టుకు వచ్చి ఆ పొడి అక్షరాలు తనవేనన్నారు. నిషియామా అదే గదిలో ఉన్నారు.

తవ్విన కొద్దీ ఖాళీ

2009 ఆగస్టు ఎన్నికల్లో ఎన్నో ఏళ్లుగా అధికారంలో ఉన్న పార్టీ ఓడిపోయింది. విదేశాంగ మంత్రిగా వచ్చిన కత్సుయా ఒకాదా, పదవి చేపట్టిన రోజే ఈ రహస్యాల మీద దర్యాప్తు చెయ్యమని శాఖకు ఆదేశం ఇచ్చారు. టోక్యో విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ షినిచి కితావోకా నాయకత్వంలోని సంఘం 2010 మార్చి 9న నివేదిక ఇచ్చింది. కొరియా విషయం అసలైన రహస్య ఒప్పందం అంది. ఓడల విషయం, డబ్బు విషయం 'విశాలార్థంలో' రహస్య ఒప్పందాలంది, అంటే కాగితం మీద స్పష్టంగా లేకున్నా ఇద్దరికీ తెలిసి నడిపినవి. సాతో, నిక్సన్ కాగితం మాత్రం రహస్య ఒప్పందం అనక్కర్లేదంది. సాతో దాన్ని తర్వాతి ప్రధానులకు అందించలేదు కాబట్టి అది ప్రభుత్వాన్ని కట్టి ఉంచలేదని కారణం చెప్పింది.

ఈ చివరి తీర్పు నాకు మింగుడు పడదు. రెండు దేశాల అధినేతలు సంతకాలు పెట్టిన కాగితం ఒప్పందం కాదు, ఎవరూ సంతకం పెట్టని మౌనం మాత్రం ఒప్పందం! ఇవతలి పక్షం సొరుగులో దాచి మర్చిపోతే అవతలి పక్షం దగ్గరున్న ప్రతి చెల్లకుండా పోతుందా? ఆపద వచ్చిన రోజున వాషింగ్టన్ తన ప్రతి తీసి చూపిస్తే టోక్యో ఏమనేది?

నివేదిక వచ్చిన పది రోజులకు ఇంకో సంగతి బయటపడింది. మాజీ ఒప్పందాల విభాగం అధిపతి కజుహికో తోగో (1968 నోటు రాసిన తోగో కొడుకు) పార్లమెంటు కమిటీ ముందుకు వచ్చి, తాను పదవిలో ఉండగా ఈ వ్యవహారాల కాగితాలన్నీ వెతికి ఎర్ర ఫైళ్లలో పెట్టి, జాబితా రాసి తర్వాతి అధికారికి అప్పగించానన్నారు. జాబితాలో 58 పత్రాలు. అందులో 16 అతి ముఖ్యమైనవి. దర్యాప్తులో వాటిలో చాలావరకు కనిపించలేదు. 2001లో సమాచార వెల్లడి చట్టం అమల్లోకి రావడానికి ముందు కాగితాలు ధ్వంసమయ్యాయన్న మాట తాను విన్నానని కూడా చెప్పారు.

అందువల్లే ఈ కథలో అమెరికా రికార్డులకు అంత బరువు వచ్చింది. అమెరికా విదేశాంగ శాఖ 1861 నుంచి తన దౌత్య పత్రాలను సంపుటాలుగా అచ్చేస్తోంది. ముప్పై ఏళ్లు దాటాక వాటిని వెల్లడించాలని 1991లో చట్టమే వచ్చింది. 1967 నుంచి సమాచార స్వేచ్ఛ చట్టం ఉంది. మేరీల్యాండ్‌లోని కాలేజ్ పార్క్ రికార్డుల భవనంలో ఎవరైనా కూర్చుని పెట్టెలు తెరిపించుకోవచ్చు. జపాన్ పరిశోధకులు, విలేఖరులు, కమ్యూనిస్టు పార్టీ వాళ్లు కూడా వెళ్లి అదే చేశారు. అంతా తెరిచేశారని కాదు. ఒకసారి బయటికొచ్చిన జపాన్ పత్రాలు కొన్నిటిని అమెరికా మళ్లీ వెనక్కి తీసుకుని మూసేసింది. అప్పటికే నకళ్లు తీసుకున్నవాళ్లు తీసుకున్నారు.

టెలిగ్రాములు చదివేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. రాయబారి పంపే నివేదిక ఒక పక్షం చెప్పే కథ. నేను చెప్పాను, ఆయన ఒప్పుకున్నాడు అని రాసుకోవడంలో రాయబారికి కాస్త స్వార్థం ఉంటుంది. 1963 నాటి అల్పాహారం గురించి జపాన్ పక్షం రాసుకున్న కాగితం పక్కన ఉంటే ఒహిరా నిజంగా ఏమన్నారో తూచి చూడొచ్చు. 1968 నోటు లేకపోతే అమెరికా వాదనకు ఇంత బలం రాదు. అంటే జపాన్ ఫైళ్లు నాశనమైతే నష్టపోయేది జపాన్ పక్షమే. తన వైపు కథ చెప్పుకునే సరంజామా తానే పారేసుకున్నట్టు.

ఇలా కాకుండా వేరే దారి ఉందా అంటే, ఉంది, ఖరీదెక్కువ. 1985లో న్యూజిలాండ్ ప్రధాని డేవిడ్ లాంగె, అణ్వాయుధం లేదని తేలనిదే రానివ్వమంటూ బుకానన్ అనే అమెరికా యుద్ధనౌకను వద్దన్నారు. ఉందనని, లేదనని అమెరికా, మరుసటి ఏడాది న్యూజిలాండ్‌కు ఇచ్చిన రక్షణ హామీని పక్కన పెట్టేసింది. పక్కనే చైనా, ఉత్తర కొరియా, సోవియట్ యూనియన్ ఉన్న జపాన్ అంత సాహసం చేసేదని ఎవరూ అనలేరు. దాచడానికి కారణం ఉందన్నది నిజమే. ముప్పు పోయాక కూడా, ఆధారాలన్నీ పేపర్లో అచ్చయ్యాక కూడా లేదు లేదంటూ కూర్చోవడానికి మాత్రం ఏ కారణమూ చెప్పలేం.

మనం నవ్వుకునే స్థితిలో లేం. ప్రభుత్వ రికార్డుల చట్టం 1993లో మనకూ వచ్చింది, 25 ఏళ్లు దాటిన కాగితాలు జాతీయ రికార్డుల సంస్థకు చేరాలని నియమమూ ఉంది. 1962 చైనా యుద్ధం మీద హెండర్సన్ బ్రూక్స్ ఇచ్చిన నివేదిక ఇప్పటికీ రహస్యమే. 2014లో అందులో చాలా భాగం ఒక విదేశీ విలేఖరి ఇంటర్నెట్లో పెట్టినా, అధికారికంగా దానికి తాళం తియ్యలేదు. బంగ్లాదేశ్ యుద్ధంలో అమెరికా మన గురించి ఏమనుకుందో తెలుసుకోవాలన్నా అమెరికా సంపుటాలే దిక్కు.

ఒకాదా ఒక మంచి పని చేశారు. 2010 మేలో, ముప్పై ఏళ్లు దాటిన దౌత్య పత్రాలను వెల్లడించడమే నియమం చేశారు. నిషియామాకు మాత్రం అది పెద్దగా ఉపయోగపడలేదు. ఒకినావా ఒప్పందం కాగితాలు ఇవ్వాలని ఆయనా, మరికొందరూ వేసిన కేసులో 2010లో కింది కోర్టు వాళ్ల పక్షాన తీర్పిచ్చింది. పై కోర్టు కొట్టేసింది. కాగితాలు ఇప్పుడు ప్రభుత్వం దగ్గర ఉన్నాయని నిరూపించాల్సింది అడిగినవాళ్లేనని 2014లో సుప్రీంకోర్టు తేల్చింది. 2023లో ఆయన చనిపోయారు.

ఇక ఓడల సంగతి. 1991లో పెద్ద బుష్ తన నౌకాదళం ఉపరితల నౌకల నుంచి, దాడి జలాంతర్గాముల నుంచి వ్యూహాత్మకేతర అణ్వాయుధాలను (ఖండాలు దాటి కొట్టే పెద్దవి కాక మిగతావి) దింపించేశారు. దాంతో యొకొసుకా, ససెబోలలో పాత ప్రశ్న నిద్రపోయింది. 2010 మార్చిలో ఒకాదాను పార్లమెంటులో అడిగారు: మూడు సూత్రాలు సరే, నిజంగా ఆపద వచ్చి అణ్వాయుధంతో ఓడ రావాల్సి వస్తే? అప్పుడున్న ప్రభుత్వం తన భవితవ్యాన్ని పణంగా పెట్టి నిర్ణయం తీసుకుని, జనానికి వివరించి చెప్పుకోవాలి అన్నది ఆయన జవాబు. ఆ తర్వాత పార్టీలు మారినా ప్రభుత్వాలు ఆ జవాబునే అట్టిపెట్టుకున్నాయి. ఇప్పుడు అమెరికా కాంగ్రెస్ సముద్రం మీది నుంచి ప్రయోగించే కొత్త అణు క్రూయిజ్ క్షిపణిని 2034 నాటికి సిద్ధం చెయ్యాలని చట్టం చేసింది. దాన్ని మోసేది దాడి జలాంతర్గాములే. అవి ఆగే రేవుల్లో యొకొసుకా ఒకటి.